ఖాళీగా ఉంటే వృథాయేనా?

ఫ్యాక్టోరియో అనే కంప్యూటర్ గేమ్‌లో మనమే ఫ్యాక్టరీ కట్టాలి. ఒకే వేగం ఉన్న మెషిన్లు తీసుకుంటే, ఒక మెషిన్ 2 రాగి తీగలు చేసేలోపు సర్క్యూట్ మెషిన్ 3 తీగలు వాడేస్తుంది. కాబట్టి 3 తీగ మెషిన్లకు 2 సర్క్యూట్ మెషిన్లు పెట్టాలి. 6 వస్తాయి, 6 ఖర్చవుతాయి. ఏ మెషినూ ఖాళీగా ఉండదు.

మన రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి వైపు రైస్ మిల్లుల్లోనూ ఇలాంటి లెక్కే. పొట్టు తీసే మెషిన్ ఎంత ఇస్తే పాలిష్ మెషిన్ అంత పట్టాలి. లేదంటే ఒకటి ఆగిపోతుంది. అది నష్టమే. మరి హమాలీ మూట దించి కాసేపు నీడలో కూర్చుంటే, అదీ నష్టమేనా?

ఓనరుకు కరెంటు బిల్లు, లారీ కిరాయి ఉంటాయి. ఆయన తొందరలోనూ న్యాయం ఉంది. కానీ గేమ్‌లో మెషిన్‌కు ఆకలి, నడుం నొప్పి ఉండవు. మనిషికి ఉంటాయి. అందుకే 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఇంకో లెక్క రాశారు: వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అర గంట విశ్రాంతి ఇవ్వాలి.

బియ్యం ఆడించేది మనుషులు తినడానికే కదా. ఆ మనుషుల్లో హమాలీ కూడా ఒకడు. అందుకని విశ్రాంతిని లెక్క చివర్లో మిగిలితే ఇవ్వడం కాదు, మొదట్లోనే వేయాలి. నలుగురు ఆగకుండా మోస్తేనే అయ్యే పనికి ఐదుగురిని పెట్టాలి. ఆ ఐదో మనిషి కూలి దండగ కాదు.