ఒక నక్షత్రం, మూడు వాక్యాలు

ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా ఒక మనిషికి అన్యాయం చేయొచ్చా? ఈ ప్రశ్న అనగానే మనకి కురుక్షేత్రం, ధర్మరాజు గుర్తొస్తారు. నేను మాత్రం దీన్ని ఒక కప్పు హాట్ చాకొలెట్ దగ్గర అడగాలనుకుంటున్నాను. యుద్ధం మధ్యలో నిజం చెప్పాల్సిన అవసరం మనలో చాలామందికి ఎప్పటికీ రాదు. తిన్నదానికీ తాగినదానికీ అయిదింట్లో ఎన్ని నక్షత్రాలో తేల్చి చెప్పమని మాత్రం ఫోన్ రోజూ అడుగుతూనే ఉంటుంది.

ప్యారిస్‌లో ర్యూ ద రివోలీ మీద, త్వీలరీ తోటకి ఎదురుగా, 226 నంబరు దగ్గర ఆంజెలినా అనే టీ సలోన్ ఉంది. 1903లో ఆంత్వాన్ రుంపెల్మాయర్ అనే ఆస్ట్రియన్ మిఠాయిల వ్యాపారి పెట్టాడు. దుకాణానికి ఉన్నది ఆయన కోడలి పేరేనంటారు. ప్రూస్ట్, కోకో షనెల్ వచ్చి కూర్చున్న చోటని చెప్పుకుంటారు. అక్కడ రెండు వంటకాలకి పేరు. ఒకటి మోంబ్లాన్: గుడ్డు తెల్లసొనతో చేసిన మెరాంగ్, దాని మీద గిలక్కొట్టిన క్రీము, ఆ పైన చెస్ట్‌నట్ ముద్దని సన్న కారప్పూసలా వత్తి కప్పుతారు. రెండోది ‘లాఫ్రికా’ అనే హాట్ చాకొలెట్. బాగా చిక్కగా ఉంటుంది, పక్కన విడిగా క్రీము ఇస్తారు. బయట క్యూ కూడా ఆ దుకాణమంత ప్రసిద్ధం.

ఇలాంటి ఖరీదైన పాటిసెరీల గురించి కస్టమర్లు చెప్పే అభిప్రాయాలు వరసగా చదువుతుంటే తమాషాగా ఉంటుంది. ఒకరికి జన్మలో మర్చిపోలేని చాకొలెట్, ఇంకొకరికి రెండు గుక్కలకే వెగటు. ఒకరికి పాతకాలపు వైభవం, ఇంకొకరికి టూరిస్టుల ఉచ్చు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సరిపెట్టుకోవచ్చు. కానీ జాగ్రత్తగా చూస్తే వీటిలో సగం అసలు రుచి గురించే కాదు. క్యూ గురించి, బిల్లు గురించి, వడ్డించిన అమ్మాయి మొహంలో నవ్వు లేకపోవడం గురించి. అన్నీ కలిపి చివరికి ఒకటే అంకె.

ఆ అంకెలో మూడు వేర్వేరు వాక్యాలు కలిసిపోయి ఉంటాయని నాకనిపిస్తుంది. మొదటిది: ‘నాకు నచ్చలేదు.’ రెండోది: ‘ఇది బాలేదు.’ మూడోది: ‘ఇక్కడికి వెళ్ళకండి.’ మాట్లాడేటప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఇట్టే జారిపోతాం. నిజానికి మూడింటికీ పూచీ వేరు. మొదటిదానికి నిజాయితీ ఒక్కటి చాలు, నా నాలుక సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. రెండోదానికి కారణాలు కావాలి. మూడోది ఒక మనిషి బతుకుదెరువుని తాకే మాట. అది అనేముందు నిజమా కాదా అని చూసుకుంటే సరిపోదు, న్యాయమా అని కూడా చూసుకోవాలి. ఒక్క నక్షత్రం ఇవ్వడమంటే, మొదటి వాక్యానికి సరిపడా సాక్ష్యంతో మూడూ ఒకేసారి అనెయ్యడం.

మొదటి రెండు వాక్యాల మధ్య గీత గీసినవాడు కాంట్. 1790లో వచ్చిన పుస్తకంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా తాగేదే, కానరీ దీవుల వైన్. ఆ వైన్ బావుందని నేనంటే, ‘నీకు బావుంది అను’ అని ఎవరైనా సరిదిద్దినా నాకు అభ్యంతరం ఉండదు. కానీ ఒక భవనాన్నో కవితనో అందంగా ఉందన్నప్పుడు ‘నాకు మాత్రమే అందంగా ఉంది’ అంటే నవ్వొస్తుంది. అందం గురించి మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళు కూడా ఒప్పుకోవాలని లోపల్లోపల కోరుకుంటాం. కాంట్ లెక్కన తిండి ఎప్పుడూ మొదటి గదిలోనే ఉండాలి. నక్షత్రాల పద్ధతి దాన్ని చెయ్యిపట్టుకుని రెండో గదిలోకి లాక్కొచ్చింది.

కాంట్‌కి ముప్ఫై ఏళ్ళ ముందే, 1757లో, హ్యూమ్ ఇంకోలా ఆలోచించాడు. ఆయన ‘డాన్ కిహోటే’లోని ఒక పిట్టకథ చెప్తాడు. సాంచో పాంజా చుట్టాలిద్దరు ఒక పీపాలో వైన్ రుచి చూస్తారు. మంచిదే కానీ కాస్త తోలు వాసనొస్తోందని ఒకడంటాడు, కాస్త ఇనుము రుచి తగులుతోందని ఇంకొకడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేసి చూస్తే అడుగున తోలు పట్టీ కట్టిన పాత తాళంచెవి దొరుకుతుంది. అంటే రుచి పూర్తిగా నాలుక మీదే లేదు, కొంత పీపాలో కూడా ఉంది. దాన్ని పట్టుకోవాలంటే అలవాటు కావాలి, పోల్చి చూసిన అనుభవం కావాలి, ముందే ఏర్పడ్డ ఇష్టాయిష్టాలు పక్కన పెట్టగలగాలి. జ్వరంతో ఉన్నవాడు రుచుల మీద తీర్పు చెప్పబోడని కూడా హ్యూమ్ అంటాడు.

పొద్దున్నుంచీ లూవ్ర్‌లో తిరిగి, కాళ్ళు పీక్కుపోయి, ఆకలికి ఏడుస్తున్న పిల్లాడితో గంటసేపు క్యూలో నిలబడ్డ మనిషికి దాదాపు జ్వరం ఉన్నట్టే. అతను ఆ సాయంత్రం హోటల్‌కొచ్చి రాసేదాంట్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. క్యూ నిజం, అలసట నిజం, చాకొలెట్ వెగటు కొట్టడమూ నిజమే. కానీ అతను చెప్తున్నది పీపాలో తాళంచెవి గురించా, తన జ్వరం గురించా? చదివేవాళ్ళకి తెలియదు. చాలాసార్లు అతనికీ తెలియదు.

ఉద్యోగంలో భాగంగా ఈ రేటింగుల సగటు లెక్కగట్టే కోడ్ నేనూ రాశాను. పెద్ద పనేం కాదు, అన్నీ కూడి సంఖ్యతో భాగించడమే. యాభైమంది అయిదు, యాభైమంది ఒకటి ఇస్తే సగటు మూడొస్తుంది. ఆ వందమందిలో మూడిచ్చినవాడు ఒక్కడూ లేడు. ముగ్గురో నలుగురో మాత్రమే రేటింగ్ ఇచ్చిన చోటు ఊరికే పైకెక్కకుండా, దాని అంకెని మొత్తం సగటు వైపు కొంచెం లాగి ఉంచే పద్ధతులున్నాయి. పాత అభిప్రాయాలకి విలువ తగ్గించే పద్ధతులున్నాయి. అవన్నీ ఎంతమంది అన్నారు, ఎప్పుడన్నారు అన్నది సర్దుతాయి. ఎందుకన్నారు అన్నదాన్ని ఆ అంకె మోయలేదు. తోలు వాసనా, కాళ్ళనొప్పులూ డేటాబేస్‌లో ఒకే కాలమ్‌లో పడతాయి.

అందులోనే ఆ నవ్వని అమ్మాయి కూడా పడుతుంది. ఆమె సంగతి కాస్త విడిగా చూడాలి. ఫ్రాన్స్‌లో దుకాణంలో అడుగుపెట్టగానే ముందు ‘బోంజూర్’ అనడం కనీస మర్యాద. అది వదిలేసి నేరుగా ఆర్డర్ చెప్పడం మొరటుతనం కింద లెక్క. మనకి ఆ సంగతి తెలియదు. హైదరాబాద్‌లో బేకరీ కౌంటర్ దగ్గర ‘అన్నా, రెండు పఫ్’ అంటే సరిపోతుంది, ఆ ‘అన్నా’లోనే మర్యాదంతా ఉంది. అక్కడ ఇద్దరూ తమ తమ పద్ధతిలో సరిగ్గానే ఉండి, ఎదుటివాళ్ళకి పొగరనుకుంటారు. ఇంకోటి, 1987 నుంచి అక్కడి మెనూల్లో వేసే ధరలోనే సర్వీసు చార్జీ కలిపి చూపించాలన్న నిబంధన ఉంది. అమెరికాలోలాగా వడ్డించేవాళ్ళ ఇల్లు టిప్పు మీద గడవదు. కాబట్టి నవ్వు అమ్మాల్సిన అగత్యం తక్కువ. విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ఒక పుస్తకం రాసింది. జీతం కోసం మనసులో లేని భావాన్ని మొహం మీదకి తెచ్చుకోవడం కూడా చాకిరీయేనని చూపించింది. ‘నవ్వలేదు’ అని నక్షత్రం తగ్గించేవాళ్ళు ఆ చాకిరీ కూడా బిల్లులో కలిసే ఉందనుకుంటున్నారు. కేకుకి డబ్బులిచ్చాం, నవ్వుకి ఇచ్చామా?

నూట ఇరవయ్యేళ్ళుగా నడుస్తున్న, రెండు ప్రపంచయుద్ధాలు చూసిన దుకాణానికి ఒక నక్షత్రం ఏమీ చెయ్యదు. ఆ నక్షత్రం కింద తన పేరు రాయించుకున్న మనిషి సంగతి అలా కాదు. రేటింగ్ ఓ గీత దాటి కిందకి పడితే ఖాతా ఆగిపోయే క్యాబ్ డ్రైవర్లు మన ఊళ్ళోనే ఉన్నారు. దెబ్బ ఎప్పుడూ బోర్డు మీద పేరుకంటే ముందు, చొక్కా మీద పేరున్న మనిషికి తగులుతుంది.

ఈ వాదన ఇక్కడే ఆపేస్తే దుకాణదార్లు చాలా సంతోషిస్తారు. అందుకే రెండో వైపు కూడా చూడాలి. కస్టమర్‌కి ఈ గొంతు ఊరికే రాలేదు. ప్యారిస్‌లో తిండి మీద తీర్పులు చెప్పడం గ్రిమో ద లా రెనియేర్‌తో మొదలైందనుకోవచ్చు. ఆయన 1803 నుంచి ‘అల్మనా దె గూర్మాఁ’ అనే వార్షిక సంచికలు తెచ్చాడు. వ్యాపారులు తమ సరుకు పంపిస్తే, ఆయనా ఆయన స్నేహితులూ ఒక జ్యూరీగా కూర్చుని తిని, తీర్పు అచ్చు వేసేవాళ్ళు. ఊరికే తినడానికే ఈ ఏర్పాటు అని అప్పుడే ఆరోపణలొచ్చాయి. తర్వాత 1926లో మిషెలిన్ నక్షత్రాలు వచ్చాయి. ఆ ఇన్‌స్పెక్టర్లు తమ పేరు చెప్పరు, బిల్లు కడతారు. కానీ వాళ్ళూ పిడికెడుమందే. జీతంలోంచి ఏడాదిపాటు దాచుకుని ప్యారిస్ వెళ్ళిన గుంటూరు అమ్మాయి, ‘ఈ కప్పుకి ఇంత ధర తగదు’ అని నలుగురికీ వినబడేలా చెప్పగలగడం గొప్ప మార్పు. దాన్ని వెనక్కి తీసుకోమనే హక్కు ఎవరికీ లేదు.

2014లో బోర్డో కోర్టు, ఒక రెస్టరెంట్‌కి వెళ్ళొద్దని శీర్షిక పెట్టి రాసిన బ్లాగర్‌కి 1,500 యూరోల పరిహారం, 1,000 యూరోల ఖర్చులు కట్టమంది. శీర్షిక కూడా మార్చమంది. గూగుల్ వెతుకులాటలో ఆ శీర్షిక పైనే కనబడటం వల్ల నష్టం జరుగుతోందన్నది రెస్టరెంట్ ఫిర్యాదు. తప్పంతా నా మూడో వాక్యం దగ్గరే దొరికిందన్నమాట. అయినా ఆ తీర్పు చదివితే నాకు సంతోషం కలగలేదు. ‘వెళ్ళకండి’ అనేముందు మనిషి తనంతట తను తటపటాయించడం వేరు, జరిమానాకి భయపడి ఆగడం వేరు. మొదటిది నీతి, రెండోది నోరు మూయించడం.

పొగడ్త కూడా అమాయకమైందేం కాదు. 2017లో ఊబా బట్లర్ అనే రచయిత లండన్‌లో తన పెరటి షెడ్డుని రెస్టరెంట్‌గా ఒక సైటులో నమోదు చేశాడు. షేవింగ్ నురగతో, గిన్నెలు తోమే బిళ్ళలతో వంటకాల ఫొటోలు తయారుచేశాడు. తెలిసినవాళ్ళతో అభిప్రాయాలు రాయించాడు. ఆర్నెల్లు తిరిగేసరికి లండన్‌లోని 18 వేల పైచిలుకు రెస్టరెంట్లలో అది ఒకటో స్థానానికి చేరింది. ఒక్క ప్లేటు కూడా వడ్డించకుండానే. ఉట్టి అయిదు నక్షత్రాలు నిజమైన వంటవాళ్ళని వెనక్కి నెట్టాయి. అది కూడా అన్యాయమే కదా.

ఇంక ధర సంగతి. ‘ఓవర్‌ప్రైస్డ్’ అనే మాట దేనితో పోల్చి అంటున్నాం? ప్యారిస్‌లో చాలా చోట్ల అదే కేకు కట్టించుకుని పట్టుకెళ్తే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుని తింటే ఇంకో ధర. ఆ తేడా కుర్చీకి. టీ సలోన్ల చరిత్రలో ఆ కుర్చీకి అర్థముంది. గౌరవమైన ఇంటి ఆడవాళ్ళు మగాళ్ళ కెఫేలకి వెళ్ళడం తప్పుగా చూసిన రోజుల్లో, మగతోడు లేకుండా స్నేహితురాళ్ళతో కూర్చోగలిగిన చోట్లు ఈ సలోన్లు. అదే కుర్చీ అంత డబ్బు లేని ఆడవాళ్ళని బయటే నిలబెట్టింది కూడా. అభిరుచి అనేది వర్గాల మధ్య గోడలా పనిచేస్తుందని బూర్‌డ్యూ 1979లో పెద్ద పుస్తకమే రాశాడు. ధర ఎక్కువ అనడం పిండి, వెన్న, చాకొలెట్ లెక్క వేసి అంటే చిన్న ఫిర్యాదే. ఈ గోడ నాకెందుకు అమ్ముతున్నారని అడగడమైతే పెద్ద ప్రశ్న. అభిప్రాయాల్లో రెండూ ఒకే మాటలో ఉంటాయి. కాస్త విడదీసి రాస్తే చదివేవాళ్ళకి ఎంతో ఉపయోగం.

‘ఇంత ఆలోచిస్తే ఎవడూ నోరెత్తడు’ అని మా ఆఫీసులో ఒక మిత్రుడన్నాడు. అతని మాటలో చాలా పస ఉంది. జాగ్రత్తగా ఆలోచించేవాళ్ళంతా ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ఊరుకుంటే రాసేది ఎవరు? మండిపోయినవాళ్ళూ, మైమరిచిపోయినవాళ్ళూ, డబ్బు తీసుకున్నవాళ్ళూ. మౌనంగా ఉండటం మంచితనంలా కనబడుతుంది కానీ, దాని బరువు కూడా ఎవరో ఒకరి మీదే పడుతుంది. సగటు లెక్కల్లో రానివాళ్ళు కూడా సగటుని మారుస్తారు. అందుకని ఎవరూ రాయడానికి పూనుకోని మూడు నక్షత్రాల అభిప్రాయం రాయడం ఒక చిన్న బాధ్యత అనుకుంటాను. ‘చాకొలెట్ బావుంది, సగం కప్పు చాలు, క్యూ పొడుగు, వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి’ అనే రకం. ‘వెళ్ళకండి’ అన్నదాన్ని మోసానికీ, మురికికీ, మనిషిని అవమానించడానికీ దాచిపెట్టుకోవాలి.

ఇదంతా కేకుల దగ్గరే ఆగదు. తెలుగులో పుస్తకాల మీద వచ్చే మాటలు చూడండి. అట్ట వెనక అన్నీ అయిదు నక్షత్రాలే. ముందుమాటల్లోనూ అంతే. ఎప్పుడైనా ఒక నక్షత్రం పడితే అది పుస్తకం మీద కాక రాసినవాళ్ళ మీద పడుతుంది. ‘ఈ కథాసంపుటిలో నాలుగు కథలు నిలబడతాయి, మూడు నిలబడవు, ఎందుకంటే’ అని రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అలా రాస్తే ఇరువైపులా కోపాలే. అభిప్రాయం అనే మాట సంస్కృతంలో ఎక్కడినుంచి పుట్టిందో చూస్తే, ఒకదాని వైపు వెళ్ళడం, దాని దగ్గరకి చేరడం అనే అర్థమున్న ధాతువు కనబడుతుంది. దగ్గరకి వెళ్ళినవాళ్ళకి ఉట్టి అంకె సరిపోదు, ‘ఎందుకంటే’ అనే మాట కావాల్సొస్తుంది. నేను ఆ మూడు నక్షత్రాల వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. చదివేవాళ్ళు తక్కువే ఉన్నారు.