గీతకో పేరు పెట్టమ్మా

అమ్మలూ,

మన తిరువూరు ఎరువుల షాపుకి నువ్వు చేస్తున్న బిల్లింగు స్క్రీను చూశాను. ఎడమ పక్క సరుకుల జాబితా, కుడి పక్క బిల్లు, మధ్యలో లాగితే జరిగే గీత. ‘కాంప్లెక్స్ ఎరువు 28-28-0’ లాంటి పొడుగు పేరు సగంలో తెగిపోతే, గుమాస్తా ఆ గీత పట్టుకుని పక్కకి జరుపుకుంటాడు. చాలా బాగుంది తల్లీ. కోడ్ తెరిస్తే మాత్రం ఆ గీత ఉన్న పెట్టె పేరు ‘స్ప్లిట్‌కంటైనర్1’, రెండు భాగాలేమో ‘ప్యానెల్1’, ‘ప్యానెల్2’. మొదట వచ్చిన పేర్లు వచ్చినట్టే ఉన్నాయి. ఈ ఒక్క సంగతీ చెప్పాలనే రాస్తున్నాను.

ఈ గీతని ఏమనాలో మన రంగంలోనే ఏకాభిప్రాయం లేదు. జావా స్వింగ్‌లోనూ, మ్యాక్‌లోనూ డివైడర్. క్యూటీలో మొత్తం వస్తువు స్ప్లిటర్, గీత హ్యాండిల్. టీకేలో సాష్, వీఎస్ కోడ్ లోపలా సాషే. స్ప్లిట్ జేఎస్‌లో గటర్. కోడ్ ఎడిటర్లలో గటరంటే లైన్ల నంబర్లుండే పట్టీ కదా! అందుకని నీ ప్రాజెక్టు వరకు ఏదో ఒకటి ఖాయం చేసుకో. నన్నడిగితే భాగాన్ని పేన్ అను, గీతని స్ప్లిటర్ అను. డిజైన్ బొమ్మలో ఒకటి, కోడ్‌లో ఇంకొకటి, నువ్వూ నీ స్నేహితురాలూ ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు మరొకటి కాకుండా చూసుకో.

అడ్డం, నిలువు అన్న మాటల దగ్గర మరీ జాగ్రత్త. జావాలో, క్యూటీలో, జీటీకేలో ‘హారిజాంటల్’ అంటే భాగాలు పక్కపక్కన ఉన్నాయని. అప్పుడు గీత నిలువుగా ఉంటుంది. నువ్వు వాడుతున్న విండోస్ ఫామ్స్‌లో అదే అమరికని ‘వర్టికల్’ అంటారు, ఎందుకంటే అక్కడ చెప్పేది గీత గురించి. రేపు దీన్నే బ్రౌజర్‌లోకి తెస్తానంటున్నావు. అక్కడ తెర చదివే ప్రోగ్రాముల కోసం పెట్టిన ‘ఏరియా’ నియమాల్లో సెపరేటర్‌కి చెప్పే దిశా గీతదే, కానీ నువ్వేమీ చెప్పకపోతే అడ్డగీత అనుకుంటుంది. మన గీత నిలువు కాబట్టి ‘వర్టికల్’ అని నువ్వే రాయాలి. అందుకే స్ప్లిటర్ పేరులో ‘హారిజాంటల్’ అన్న మాట చూస్తేనే నాకు భయం. చదివేవాడు ఏ అలవాటులోంచి వచ్చాడో మనకేం తెలుసు?

‘లెఫ్ట్ పేన్’, ‘రైట్ పేన్’ అన్నవీ వద్దు. ఫోన్ తెర మీద ఎడమ భాగం పైకి వెళ్తుంది. ఉర్దూ స్క్రీనులో కుడికి వెళ్తుంది. జీటీకే వాళ్లు కూడా ‘చైల్డ్1’, ‘చైల్డ్2’ అనడం మానేసి, 2020లో వచ్చిన జీటీకే 4లో ‘స్టార్ట్ చైల్డ్’, ‘ఎండ్ చైల్డ్’ అని మార్చుకున్నారు. వాళ్లది అందరికీ పనికొచ్చే లైబ్రరీ, అంతకుమించి చెప్పలేరు. నీకు మాత్రం లోపల ఏముందో తెలుసు కదమ్మా.

ఇంట్లో తలుపులకి మనం నంబర్లేస్తామా? వంటింటి తలుపు, పెరటి తలుపు అంటాం. గీతక్కూడా అది ఏ భాగాన్ని పెంచి తగ్గిస్తుందో ఆ భాగం పేరే పెట్టు. ఇది నా సొంత కవిత్వం కాదు. కీబోర్డుతో కదిపే సెపరేటర్‌ని 2017లో ఏరియా 1.1 గుర్తించింది. దాన్ని వాడే పద్ధతి చెప్పిన డబ్ల్యూ3సీ మార్గదర్శకంలోనూ, స్ప్లిటర్ పేరు ప్రధాన భాగం పేరే అయి ఉండాలని ఉంది. కళ్లు కనపడని కుర్రాడు తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ పెట్టుకుని ఆ గీత మీదకి వచ్చాడనుకో. పేరు లేకపోతే సెపరేటరనీ, నలభై అనీ వినపడుతుంది. దేని నలభై? ‘సరుకుల జాబితా’ అని ముందు వినపడితే, బాణం మీట నొక్కితే ఏది పెరుగుతుందో ఇట్టే తెలుస్తుంది.

ఇంకోటి. స్ప్లిట్‌కంటైనర్‌లో గీత మందం మామూలుగా 4 పిక్సెళ్లు. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ సౌలభ్య నియమాలు, డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, నొక్కే చోటు 24 పిక్సెళ్లకి తగ్గకూడదు. లాగకుండా కూడా పని జరిగే దారి ఉండాలి. అరిగిపోయిన మౌస్‌తో, ఎరువు దుమ్ము అంటిన వేళ్లతో ఆ నాలుగు పిక్సెళ్లని పట్టుకోమంటే పాపం కదూ! ఒక బటన్ పెట్టు. బటన్ మీద ఏం రాయాలన్న ప్రశ్న వచ్చేసరికి, ‘ప్యానెల్1ని పెంచు’ అని రాయలేవు. ‘సరుకులు వెడల్పు చెయ్యి’ అని రాస్తావు. కోడ్‌లో కూడా అదే పేరుండనీ.

అసలు ‘సరుకుల జాబితా’ అన్నది కూడా నా మాటే. షాపుకి వెళ్లి గుమాస్తాని అడుగు, ఆ పక్క ఉన్నదాన్ని ఏమంటావని. ‘స్టాకు’ అన్నాడనుకో, తెర మీద ఆ మాటే ఉంచు, గీతకీ అదే పేరు పెట్టు. అతను నీకు ఫోన్ చేసి ‘స్టాకు గీత జరగట్లేదమ్మా’ అంటే, కోడ్‌లో ఎక్కడ చూడాలో నీకు వెంటనే తెలియాలి.

మార్చేదేదో ఇప్పుడే మార్చు. గుమాస్తా ఒకసారి సరిచేసుకున్న వెడల్పుని ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుంది కదా, ‘స్ప్లిట్‌కంటైనర్1’ అన్న పేరు కిందే దాచుకుంటుంది. రేపు ఆ స్క్రీనులో ఇంకో గీత చేర్చి పేర్లు అటూ ఇటూ అయితే, బిల్లు కొలత తీసుకొచ్చి స్టాకుకి తగిలిస్తుంది. ఒక్క షాపులో ఉన్నప్పుడు సరిదిద్దడం గంట పని. ఖరీఫ్ మొదలై, యూరియా కోసం జనం బారులు తీరాక నిన్ను ఆ కంప్యూటర్ దగ్గరికి కూడా రానివ్వరు.

ప్రేమతో,
పెదనాన్న