గొర్రెకు ఆకు, మనిషికి తీర్పు

గొర్రె పుండుకు పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి దట్టంగా కట్టడం పాత వైద్యం. కోస్గి చుట్టూ, పాలమూరు గుట్టల్లో ఆ ఆకుకు కొదవ లేదు. పురుగులను చూస్తే కాపరికి పుట్టే భయమూ ఉత్తది కాదు. మన పశువులకు పట్టే ఒక జాతి ఈగ పిల్లలు బతికున్న కండనే తొలుచుకుపోతాయి.

పుండు శుభ్రం చేయడానికి ఆసుపత్రిలో వాడే పురుగు వేరు. లుసీలియా సెరికేటా అనే మెరిసే ఆకుపచ్చ ఈగ గుడ్లను శుద్ధి చేసి, పుట్టిన పిల్లలను పుండు మీద వేసి రెండుమూడు రోజులు కట్టి ఉంచుతారు. వాటి నుంచి ఊరే రసం చచ్చిన కండను కరిగిస్తుంది, ఆ ద్రవాన్ని అవే తాగుతాయి. 1917లో ఫ్రాన్సు యుద్ధభూమిలో ఏడు రోజులు దిక్కులేక పడి ఉన్న ఇద్దరు సైనికులను విలియం బేయర్ అనే డాక్టరు చూశాడు. తొడ ఎముకలు విరిగాయి, పొట్టలో గాయాలు, వాటి నిండా పురుగులు. అయినా జ్వరం లేదు. కడిగి చూస్తే కింద ఎర్రటి కొత్త కండ! పదేళ్లు దాటాక బాల్టిమోర్‌లో ఎముక కుళ్లిన పిల్లలకు ఆయన అదే వైద్యం చేశాడు. పెన్సిలిన్ వచ్చాక లోకం దాన్ని మరిచింది. మందులకు లొంగని క్రిములు పెరిగాక మళ్లీ వెతుక్కుంది. 2004లో అమెరికా ప్రభుత్వం ఈ పురుగులనూ జలగలనూ వైద్య పరికరాల కింద అనుమతించింది. పరికరాలట! ప్రాణమున్నదాన్ని కత్తెర పక్కన చేర్చారు.

జలగ మనకు పాత చుట్టమే. సుశ్రుతుడు దానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. యునానీ హకీములూ పట్టిస్తారు. తెగిన వేలు అతికించాక, వచ్చిన నెత్తురు వెనక్కి పోయే దారి లేక వేలు నల్లబడుతుంటే ఇప్పటి సర్జన్లూ జలగనే పిలుస్తారు. పనయ్యాక దాన్ని స్పిరిట్‌లో వేసి చంపేస్తారు. దానికి మనం రుణపడ్డామా? అది మేలు తలపెట్టలేదు, ఆకలి తీర్చుకుంది. ఉద్దేశం లేని ఉపకారానికి కృతజ్ఞత ఎవరికి చెప్పాలి?

నన్ను ఇంతకంటే కలచే ప్రశ్న ఇంకొకటుంది. మనిషి పుండుకు పురుగులు పడితే "ఏం పాపం జేసిండో" అంటాం. గొర్రెనెవరూ ఆ మాట అనరు. షుగరుతో కాళ్లు మొద్దుబారి, బొంబాయి బిల్డింగు పనిలో దిగిన మేకు తెలియని పాలమూరు కూలీ చేసిన పాపమేంటి? అసహ్యం తెలివితక్కువది కాదు, కుళ్లు నుంచి మన పూర్వీకులను కాపాడింది. అయితే అది పుండు దగ్గర ఆగదు. మంచానికీ, గదికీ, మనిషి పేరుకూ పాకుతుంది.

కాలు తీసేయడమా, పురుగులు కట్టడమా అని రేపు ఓ డాక్టరు అడిగితే ఆ కూలీ, "పురుగులే కట్టుండ్రి సారూ, ఇంట్ల మాత్రం చెప్పకుండ్రి" అంటాడేమో. ఆ దాపరికాన్ని మన్నించాలా, ఇంటివాళ్లను పిలిచి కట్టు విప్పి చూపించాలా? ఆ డాక్టరు నేనైతే ఏం చేసేవాణ్నో తేల్చుకోలేకపోతున్నాను.