జనసమ్మర్దమున ఏకాంతము

వినోదార్థము సముద్రయానము చేయువారికి విచిత్రమైన కోరిక యొకటి కలుగుచుండును. పాటలు, ఆటలు, విందులు గలవని విని ధనము వెచ్చించి ఓడ నెక్కుదురు. ఎక్కిన మూడవనాడే సద్దులేని మూల యెక్కడ దొరకునా యని వెదకుదురు. ఇందు పరిహసింపదగినదేమియు లేదు. వినోదము మనస్సును వెలుపలికి లాగును. విశ్రాంతి దానిని లోనికి తెచ్చును. మనుష్యునకు రెండును కావలెను.

1891వ సంవత్సరమున ఆగుస్టా విక్టోరియా అను జర్మను నౌక మధ్యధరా సముద్రమున విహారమునకు బయలుదేరినప్పుడు అందలి యాత్రికులు 241 మంది. 2024 జనవరిలో తొలియాత్ర చేసిన ఐకన్ ఆఫ్ ది సీస్ అను నౌకకు 20 అంతస్తులు. అది 7,600 మంది యాత్రికులను మోయగలదు. సిబ్బంది మఱి రెండువేలకు పైబడి యుందురు. ఇది నీటిపై తేలు పట్టణము. ఇట్టిచోట ఏకాంతము దొరకునా?

దొరకును. వేకువనే లేచినవానికి డెక్కు నిర్మానుష్యముగా నుండును. ఓడ రేవు చేరి తోడివారెల్లరు ఊరు చూడబోయినప్పుడు, కదలక నిలిచినవానికి ఓడయంతయు తన యిల్లే యగును. కొన్ని ఓడలలో అధిక రుసుము చెల్లించువారికే ప్రవేశముగల ప్రశాంతస్థలములును కలవు. ఇచ్చటనే నా సందేహము. నిశ్శబ్దము వెలకు దొరకు సరకైనచో, వెల యియ్యలేనివారి గతి యేమి? మనస్సు కుదురుగా నున్నచో సంతలోనైనను శాంతి కలదని కొందఱందురు. నిజమే కావచ్చును, కాని ఆ మాట చెప్పువారు తఱచుగా తలుపు మూసికొనుటకు గది గలవారు.

వేకువను ఏకాంతము కోరి డెక్కు మీదికి పోయినవానికి మొదట కనబడువాడు దానిని కడుగుచున్న పనివాడు. వాని విశ్రాంతి మాట యేమి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో అంగీకరించిన సముద్ర కార్మిక ఒప్పందము 2013 నుండి అమలులో నున్నది. ఇరువది నాలుగు గంటలలో ఓడ పనివాని పని 14 గంటలు మించరాదనియో, విశ్రాంతి 10 గంటలకు తగ్గరాదనియో ప్రతి దేశమును శాసింపవలెనని అది విధించుచున్నది. చట్టము గంటలను లెక్కింపగలదు. అలసి నిద్రించువాని గది యెదుట మెల్లగా నడువుమని ప్రక్కవానికి నేర్పజాలదు. అది మర్యాద చేయవలసిన పని.

మఱియొక దృశ్యము. కుటుంబముతో వచ్చిన గృహస్థు గ్రంథాలయమున గంటసేపు మౌనముగా కూర్చుండును. ఆ గంటయు బిడ్డల వెంట పరుగెత్తునది యెవరు? ఇంటిలో వంటయింటి పనిచే దొరకని ఏకాంతము ఆ యిల్లాలికి సముద్రముమీదను దొరకలేదు. ఆయన తన శాంతిని తానే సంపాదించితినని తలంచుచున్నాడు. నిజమునకు అది ఆమె యిచ్చిన దానము. దానమని యెఱుగక పుచ్చుకొనుటయే ఇందలి దోషము.

కావున నిశ్శబ్దము వెదకి పట్టుకొనవలసిన వస్తువు కాదు, ఒకరికొకరు ఇచ్చుకొనవలసినది. జనము క్రిక్కిఱిసిన చోట నా శాంతి నీ నిగ్రహముపై, నీ శాంతి నా నిగ్రహముపై ఆధారపడి యున్నవి. అందుచే అది హక్కు కంటె ముందు ధర్మము. రేపు వేకువను ఒంటరిగా సముద్రము చూడగోరువాడు నేటి రాత్రియే భార్యతో ఇట్లనవలెను: “ఉదయము ఒక గంట నాకిమ్ము, సాయంకాలము బిడ్డలను నేను చూచెదను, నీవు పొమ్ము.” సాయంకాలమున ఆ మాట నిలుపుకొన్నచో, వాని ఉదయపు మౌనము న్యాయార్జితమగును.