చూస్తుండగానే చెడిన కుండ

ధ్యాన భాగం: యిర్మీయా 18:1–6

యిర్మీయా వెళ్లేసరికి కుమ్మరి సారె దగ్గర పనిలో ఉన్నాడు. ప్రవక్త వచ్చాడని పని ఆపాడనీ, ఏమైనా బోధించాడనీ లేఖనం చెప్పదు. అతని పేరైనా మనకు తెలియదు. చేస్తున్న కుండ చేతిలోనే చెడిపోయింది, ఆ మన్నుతోనే ఇంకొకటి చేశాడు. దేవుడు చెప్పదలచిన మాటకు అంత మాత్రం చాలింది. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు పని చెడితే మనమైతే కొంగు చాటున దాచేస్తాం.

నేర్పే కుమ్మరికి ఆ వీలు లేదు. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. తామూ చేస్తూ, స్థానికులకు పని నేర్పుతూ, దూరప్రాంతాల నుంచి వచ్చినవారిని సారె ముందు కూర్చోబెడుతూ దశాబ్దాలు గడిపారు. ఇవాళ మన దేశంలో పేరున్న సిరామిక్ కళాకారుల్లో చాలామంది అక్కడ నేర్చుకున్నవారే. (వాళ్లది మన సంఘమేమీ కాదు. ఆ మాటకొస్తే యిర్మీయా చూసిన కుమ్మరి భక్తి ఎంతటిదో కూడా ఎవరూ రాయలేదు.)

సారె నేర్చుకునేవారికి మొదట కుండ రాదు. తిరిగే ముద్ద సరిగ్గా నడిమికి కుదరాలి. కుదరకపోతే చేతులు ఊగుతాయి, గోడ ఒకపక్క పలచబడి కూలుతుంది. మాటలతో చెప్పగలిగేది తక్కువ. గురువు శిష్యుడి చేతుల మీద చేతులు వేసి, ఎంత ఒత్తాలో తెలిసేలా చేసి, తర్వాత తీసేస్తాడు. ఆ తీసేయడమే కష్టం. తాను పట్టుకుంటే క్షణంలో నిలబడే కుండను కూలనివ్వాలి. పని మీద ప్రాణం పెట్టుకున్నవాడికి అది చిన్న సంగతి కాదు.

కూలిన మన్ను వృథా పోదు. ఎండిపోయినా నీళ్లలో నానబెట్టి పిసికితే మళ్లీ సారె ఎక్కుతుంది. కాల్చేదాకానే ఆ వెసులుబాటు. బట్టీలో వేడి ఆరేడు వందల డిగ్రీలకు చేరేసరికి మట్టి రేణువుల్లో ఇమిడి ఉన్న నీరు కూడా పోతుంది. ఆపైన ఎన్నాళ్లు నానబెట్టినా అది మెత్తబడదు. 19వ అధ్యాయంలో దేవుడు పగలగొట్టమన్న కూజా అలాంటిదే. 18 చదివి 19 వదిలేసే ధ్యానాలు చాలా చూశాను. మెత్తని మాటే ఏరుకోవడం మనకు అలవాటు. రెండూ కలిపి చదివితేనే ఆ కుమ్మరి ఓర్పు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

ప్రార్థన: తండ్రీ, వేళ్లు నొప్పి పెడుతున్నా ఇంకొకరికి పని నేర్పుతున్న ముసలి చేతులను బలపరచు. మా పిల్లల చేతిలో కుండ వాలుతున్నప్పుడు పట్టుకోవాలో, వదిలేయాలో మాకు తెలియజేయి. ఇవాళ మా చేతిలో చెడేదాన్ని మా దగ్గర నేర్చుకునేవారికి కనబడనిచ్చే ధైర్యమివ్వు. ఆమేన్.