లేని చేతికి నొప్పి ఎక్కడిది?

ఈ వారం వీడియోలో గీత రెండో అధ్యాయం 14వ శ్లోకం చెప్పుకున్నాం కదా. అందులో చెప్పడానికి మొహం చెల్లక వదిలేసిన సంగతి ఒకటుంది.

మా బైరెడ్డిపల్లెలో వరసకు మామ ఒకాయనకి చెరకు గానుగలో కుడిచెయ్యి పోయింది. "లేని వేళ్లు బిగుసుకోని గోళ్లు గుచ్చుకుంటా ఉండాయిరా" అనేవాడు. నేను ఇదే శ్లోకం అప్పజెప్పి, "అదంతా భ్రమ మామా, ఓర్చుకో" అన్నా. మళ్లీ నా దగ్గర ఆ మాటెత్తలేదు.

మాత్రలంటే ఇంద్రియాలని శంకరుల భాష్యం. అవి విషయాలను తాకితేనే సుఖదుఃఖాలు. మరి తాకే చెయ్యే లేదే?

ఒంటిమీద ప్రతి చోటికీ మెదడులో ఒక జాగా ఉంటుంది. చేతి జాగా పక్కనే ముఖానిది. 1990ల్లో శాండియాగోలో డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ చెయ్యి పోయిన కొందరి చెంపను తాకితే, లేని వేళ్లనూ తాకినట్టుందన్నారు వాళ్లు. ఖాళీ పడ్డ జాగాకి పక్కింటి కబుర్లు చేరుతున్నాయని ఆయన వివరణ. తర్వాతి స్కాన్లలో ఇంకోటి తేలింది. లేని చేతిని కదపాలనుకుంటే, ఏళ్ల తర్వాత కూడా పాత చేతి జాగాయే మేలుకుంటుంది. డివైజ్ పీకేసినా డ్రైవర్ నడుస్తూనే ఉందన్నమాట.

కృష్ణుడు ఓర్చుకోమన్నాడు, నొప్పే లేదనలేదు. ఆ మాట అన్నది నేను.

రామచంద్రన్‌దే అద్దం చికిత్స కూడా. కొందరికే పనిచేస్తుంది. డాక్టర్ని అడిగి, సంక్రాంతికి అద్దం తీసుకెళ్లా. మామ దాని ముందు ఎడమచెయ్యి పెట్టి పిడికిలి మెల్లగా విప్పాడు. అద్దంలో కుడిచెయ్యి విచ్చుకుంది. చాలాసేపు దాన్నే చూస్తా కూర్చున్నాడు.

"ఇంకోతూరి పట్టుకోరా" అన్నాడు.