మెదడు చిత్రము మనోవ్యథకు సాక్ష్యమగునా?

గత సంవత్సరము ఒకనాటి సాయంకాలము నాకు అన్న వరుసయగు బంధువు ఒకరు మా ఇంటికి వచ్చి, చేతిలోని పెద్ద కవరును నా ముందుంచి, "తమ్ముడూ, ఆరువేలు పోసి కోడలి తలకు స్కానింగు తీయించినాము. ఏమీ లేదని వ్రాసి ఇచ్చినారు. ఏమీ లేనప్పుడు మంచము దిగకపోవడమేమిటి, ఈ ఏడుపేమిటి?" అని అడిగిరి. ఆ అమ్మాయి బిడ్డను కన్న పిదప కొన్ని మాసములుగా నిద్ర లేక, అన్నము సహింపక, ఎవరితోను మాటలాడక యున్న సంగతి నేనెరుగుదును. ఆ ఇంటివారు క్రూరులు కారు. మొదట ఆమెను ఎంతో ఓపికతో చూచుకొన్నవారే. కాని కాగితము మీద "లోపము లేదు" అను మాటను చూచిన నాటి నుండి వారి మనస్సు మారినది. అంతవరకు రోగిగా నుండిన పిల్ల ఆనాటి నుండి సోమరి యయ్యెను. కాయకమే పూజయని పిల్లలకు నేర్పు ఇండ్లలో సోమరి యను మాట ఎంత బరువైనదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

అన్నగారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఇంత గొప్ప యంత్రమునకు కానరాని బాధను కలదని మనమెట్లు నమ్ముట? దీనికి సమాధానము చెప్పవలెనన్న, ఆ యంత్రము చూచునదేమో ముందు తెలిసికొనవలెను.

ఆసుపత్రులలో సాధారణముగా తీయు ఎం.ఆర్.ఐ. మెదడు యొక్క ఆకారమును చూపును. గడ్డ యున్నదా, రక్తస్రావమైనదా, వాపు గలదా యని దానివలన తెలియును. దిగులుతో వచ్చిన రోగికి వైద్యుడు ఈ పరీక్ష చేయించుట ఇట్టివి లేవని నిశ్చయించుకొనుటకే. థైరాయిడ్ లోపము వలన కూడ దిగులు కలుగును గనుక రక్తపరీక్ష చేయించుటయు ఇట్టిదే. కావున "లోపము లేదు" అనగా గడ్డ లేదని అర్థము. దుఃఖము లేదని కాదు.

పరిశోధకులు వాడు పద్ధతి మరియొకటి కలదు. దానిని ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అందురు. దీనికి మూలమైన సూత్రమును జపాను శాస్త్రజ్ఞుడు సీజీ ఒగావా 1990లో అమెరికాలో పనిచేయుచు ప్రకటించెను. మెదడులో ఒక భాగము పనిచేయునపుడు ప్రాణవాయువు గల రక్తము అచటికి అధికముగా వచ్చును. ప్రాణవాయువు గల రక్తమునకును, లేని రక్తమునకును అయస్కాంత గుణములో స్వల్ప భేదముండును. యంత్రము పట్టుకొనునది ఆ భేదమునే. అనగా మనకు కనబడునది తలంపు కాదు. తలంపు వెనుక కొన్ని సెకండ్లు ఆలస్యముగా వచ్చు రక్తము. పత్రికలలో అచ్చువేయు ఎరుపు, పసుపు రంగులు మెదడులో లేవు. లెక్కలు కట్టిన పిదప కంప్యూటరు పూసినవి. 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఈ యంత్రములో పరుండబెట్టి, దానికి మనుష్యుల ఫోటోలను చూపిరి. లెక్కలలో తగిన జాగ్రత్త పడనిచో ఆ చేప మెదడు కూడ పనిచేయుచున్నట్లే చిత్రములో కనబడెను! వారు చేసినది వట్టి పరిహాసము కాదు, తోటి శాస్త్రజ్ఞులకు హెచ్చరిక.

ఇంతమాత్రమున ఈ విద్య వ్యర్థమని నేననను. డాక్టరు హెలెన్ మేబర్గ్, ఆమె సహచరులు 1999లో ప్రకటించిన పరిశోధన గొప్పది. ఆరోగ్యవంతులు తమ జీవితములోని దుఃఖమును తలచుకొనునపుడు మెదడు లోతున ఒక చిన్న ప్రాంతమునకు రక్తప్రసారము పెరుగుననియు, మనోవ్యాకులత గలవారు కోలుకొనునపుడు అదే ప్రాంతము నెమ్మదించుననియు వారు చూపిరి. శాస్త్రజ్ఞులు దానిని 25వ ప్రాంతమని పిలుతురు. 2005లో కెనడాలోని టొరంటో నగరమున ఏ చికిత్సకును లొంగని 6 మంది రోగులకు ఆ చోట సన్నని తీగలను అమర్చి, స్వల్పమైన విద్యుత్తును పంపిరి. ఆరు మాసముల పిదప వారిలో నలుగురు మేలుపొందిరి. అయితే 90 మందిపై జరిపి 2017లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, ఆరు మాసములకు విద్యుత్తు పంపినవారికిని పంపనివారికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

2016లో అనేక దేశములవారు కలిసి 1,728 మంది రోగుల మెదళ్లను 7,199 మంది ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చిరి. జ్ఞాపకమునకు ముఖ్యమగు హిప్పోకాంపస్ అను భాగము రోగులలో సగటున కొంచెము చిన్నదిగా నుండెను. భేదము నిజమే, కాని మిక్కిలి స్వల్పము. 2022లో జర్మనీవారు 1,809 మందిపై జరిపిన పరిశీలనలో, ఏ ఒక్క కొలతను బట్టి చూచినను ఇతడు రోగి, ఇతడు కాడు అని సరిగా చెప్పగలిగినది నూటికి 54 నుండి 56 మారులే. బొమ్మా బొరుసూ వేసినను 50 మారులు సరిపోవును గదా! రెండు ఊళ్ల బావులను కొలిచితిమనుకొందము. ఒక ఊరి బావులలో నీరు సగటున బెత్తెడు తక్కువని తేలవచ్చును. అంతమాత్రమున ఒక బావిలోనికి తొంగిచూచి ఇది ఏ ఊరిదో చెప్పగలమా? వేలమందిని కలిపి చూచినపుడు మనోవ్యాకులత మెదడులో జాడ విడుచుచున్నది. అన్నగారి కోడలి ఒక్క తలను చూచి ఆ జాడను చదువగల యంత్రము నేటికిని లేదు.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన విషయము మరియొకటి. పైన చెప్పిన పరిశోధనలన్నింటిలోను, ఎవరు రోగి, ఎవరు కారు అని మొదట ఎవరు తేల్చిరి? యంత్రము కాదు. వైద్యులు ఒక్కొక్కరిని ఎదుట కూర్చుండబెట్టుకొని, నిద్ర పట్టుచున్నదా, దేనియందైనను ప్రీతి యున్నదా, బ్రతుకుమీద ఆశ యున్నదా యని అడిగి, వారు చెప్పిన మాటను బట్టి రెండు గుంపులు చేసిరి. ఆ పిమ్మటనే చిత్రములు తీసిరి. టొరంటోలో తీగలు అమర్చునపుడు రోగులు మెలకువతోనే యుండిరి; లోపలి బరువు తగ్గినదని తామే చెప్పిరి. చికిత్స ఫలించినదా లేదా యని తేల్చుటకు వాడినది కూడ ప్రశ్నలతో కూడిన కొలమానమే. అనగా చిత్రమునకు అర్థము నిచ్చినది రోగి మాట. ఆ మాట అబద్ధమైనచో ఈ చిత్రశాస్త్రమంతయు అబద్ధమగును. మరి మూలసాక్షిని నమ్మక, ఆ సాక్షి చెప్పగా వ్రాసికొన్న కాగితమును మాత్రము నమ్ముదుమనుట ఏమి న్యాయము?

దీనికి ఒక ఆక్షేపణ కలదు. "జనులు మాటను నమ్మరు, చిత్రమును నమ్ముదురు. రంగుల బొమ్మ చూపి ఇది మెదడు జబ్బని చెప్పినచో ఇంటివారి నిందయైన తప్పును గదా" యని కొందరు మంచివారే యందురు. ఇందు కొంత సత్యము కలదు. కాని ఈ విషయమై జరిగిన అనేక ప్రయోగములను కలిపి 2013లో పరిశీలించినవారు చెప్పినదేమన, మానసిక రోగమును దేహకారణముతో వివరించినపుడు నింద తగ్గును గాని, ఇక ఇతడు బాగుపడడను నిరాశ పెరుగునని. నింద పోయి నిరాశ వచ్చినచో రోగికి మిగిలినదేమి? అదియును గాక, బొమ్మలోని మరకను చూచి పుట్టిన దయ, మరక లేని బొమ్మను చూచిననాడు నశించును. ఆ ఇంట జరిగినది సరిగా ఇదియే. మన తలనొప్పికి ఎవరైనను ఫిల్ము అడిగిరా? నొప్పి అన్నవాని నుదుటికి అమృతాంజనము రాయుదుము.

కపటముగా నటించువారు లేరా యని అడుగవచ్చును. ఉందురు. కాని నెలల తరబడి అన్నము మాని, కన్నబిడ్డను ఎత్తుకొనలేక నటించువారిని నేను చూడలేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యమున 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో సాధారణ మానసిక రోగములు గలవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుట లేదని తేలినది. వీరికి కొరతయైనది స్కానింగు యంత్రము కాదు. 2022 నుండి 14416 అను నంబరుకు ఖర్చు లేకుండ టెలిఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ సంగతి ఎన్ని ఇండ్లలో తెలియును?

అన్నగారికి నేనిదంతయు చెప్పలేదు. "అమ్మాయిని మానసిక వైద్యుని వద్దకు తీసికొనిపొమ్ము, కవరు ఇంటిలో నుండనిమ్ము" అని మాత్రమంటిని. పది దినములకు వారు మరల వచ్చిరి. బాలింతల దిగులును కనుగొనుటకు 1987లో స్కాట్లండువారు తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక యొకటి కలదు. వైద్యురాలు ఆ ప్రశ్నలను అడుగునపుడు, కోడలు సమ్మతింపగా, అన్నగారును లోపలనే కూర్చుండిరట. పదియవ ప్రశ్న, తనకు తాను హాని చేసికొనవలెనను తలంపు వచ్చినదా యనునది. "ఆ ప్రశ్నకు అమ్మాయి చాలసేపు తల వంచుకొని, వచ్చింది మామయ్యా అని నా వైపు చూచి చెప్పింది తమ్ముడూ" అని అన్నగారు తువ్వాలుతో ముఖము తుడుచుకొనిరి. మందులును, వారమునకొకమారు మాటలాడుటయు ఆ దినముననే మొదలైనవి. ఇప్పుడు ఆమె బిడ్డకు తానే నీళ్లు పోయుచున్నది. నిద్ర ఇంకను సరిగా పట్టుట లేదు.